వరహాలు అప్పగింతలు

చోడవరంలో గవరయ్య పిండిమర ఉండేది. దాని చప్పుడు ఎంతటిదంటే, ఓ మొగుడూ పెళ్ళాం దాని ముందు నించుని పొద్దుటినుంచి సాయంత్రందాకా తిట్టుకుని, ఎవరేం తిట్టారో ఎవరికీ వినపడక, చక్కగా కలిసి ఇంటికెళ్ళిపోయారు. మీరు నమ్మరు. నమ్మకండి. నేను చెప్పబోయే దాంట్లో ఇదొక్కటే కాస్త నమ్మదగ్గ సంగతి.

ఆ మరకి ఆనుకున్న గోడకి వీపు పెట్టుకుని గవరయ్య చెల్లెలు వరహాలు రోజూ కూచునేది. ముప్ఫై అయిదు దాటిన మనిషి. చిన్నప్పుడే పెద్దాసుపత్రిలో ఆటిజం అని చెప్పారు. ఆ మాటకి నోరు తిరక్క ఊరు తనకి తోచిన పేర్లు పెట్టింది. అవి ఇక్కడ రాయను, రాస్తే పెట్టినవాళ్ళు మురిసిపోతారు.

వరహాలు మాత్రం మనుషులకి తన లెక్కలో తనే పేర్లు పెట్టేది. పట్టించడానికి ఏం తెస్తే అదే పేరు. "రాగులు వచ్చింది" అనేది. "మిరపకాయలు ఎల్లిపోనాడు" అనేది. ఓసారి ఓ ఆఫీసరుగారి భార్య పుచ్చిన శనగలు తెచ్చి నెపం మర మీద పెట్టబోయింది. ఆనాటినుంచి ఆ మహాతల్లి పేరు పుచ్చుశనగలు. బజారు బజారంతా అదే ఖాయం చేసుకుంది.

గవరయ్యకి పిల్లల్లేరు. గుండెకి ఓసారి స్టెంటు వేశారు. అన్నం పెట్టేటప్పుడల్లా పెళ్ళాం అచ్చియ్యమ్మ అదే అడిగేది.

"మావా, మనం పోయాక దీన్నెవులు సూస్తారు?"

"ముందు పులుసు ఎయ్యి."

"ఏస్తాను. దీన్నెవులు సూస్తారు?"

గవరయ్య దగ్గర జవాబు లేదు. కలెక్టరాఫీసు దగ్గరా లేదు. చిన్నపిల్లలకైతే బళ్ళున్నాయి, రంగురంగుల బొమ్మలున్నాయి, ఏడాదికోసారి ఆటిజం దినమని వెలిగించే నీలం దీపాలున్నాయి. ఆ పిల్లలే పెద్దయితే ఎక్కడికి పోతారో అడిగితే మాత్రం గుమస్తా ఫ్యాను కేసి చూసేవాడు. మీసం రాగానే ఆటిజం దానంతటది ఊడిపోతుందని ప్రభుత్వం నమ్మకం కాబోలు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం కొండమీద సహానుభూతి కేంద్రం అని ఒకటి వెలిసింది. అక్కణ్ణించి డాక్టర్ శాంభవి అనే ఆవిడ వచ్చింది. చేతిలో రెండు కుళ్లాయిలు. ఊలువి కావు, సన్నటి తీగలతో అల్లినవి.

వరహాలు ఆవిణ్ణి చూసింది. ఆవిడ చేతుల్లో పట్టించుకోవడానికి ఏమీ లేదు.

"ఖాళీ డబ్బా వచ్చింది," అంది.

గవరయ్య నాలిక కరుచుకున్నాడు. శాంభవి మాత్రం నవ్వి, "నిజమే, ఇంకా నింపుకోలేదు," అంది. ఒక కుళ్లాయి వరహాలు ముందు పెట్టింది. వరహాలు దాన్ని తిప్పి చూసి, వేలితో మీటి, తనకి నచ్చాక తనే తలకి తగిలించుకుంది. రెండోది శాంభవి గవరయ్యకిచ్చింది.

"మర ఆన్ చెయ్యండి, బాబాయ్."

గవరయ్య స్విచ్ వేశాడు. వేసినవాడు వేసినట్టే నేలమీద చతికిలబడ్డాడు.

అతను గోడకి ఆనుకోలేదు. అయినా గోడ అతని వీపులోకి వచ్చేసింది. ఆ అదురు వెన్నుపూస వెంబడి ఒక్కో ఎముకనీ పలకరిస్తూ పైకి పాకింది. ఎక్కడెక్కడో చెదిరిపోయిన ఒళ్ళు ఒక్కచోటికి చేరి, కుదురుకుని, బరువెక్కింది. కిటికీలోంచి పడే ఎండలో పిండి రేణువులు తేలుతున్నాయి. దేని దారి దానికుంది, ఒకటి ఇంకోదాన్ని తొయ్యడం లేదు. మరలో బియ్యం అయిపోయి జొన్నలు పడ్డాయని చెవికంటే ముందు వీపుకి తెలిసింది. భయమన్నది లేదు. ఎవరో వస్తారని లేదు, ఎవరూ రారని లేదు.

కుళ్లాయి తీశాక గవరయ్య మొహం పిండితోనూ కన్నీళ్ళతోనూ అట్లు పోసుకోడానికి సిద్ధంగా ఉంది.

"పుట్టి బుద్దెరిగిన కాణ్ణుంచీ ఈ మర నడుపుతున్నాను తల్లీ," అన్నాడు. "ఇది ఎలాగుంతాదో నాకు తెల్దు."

"అదే ప్రపంచానికి తెలియాలి," అంది శాంభవి. "ఒక్క తలమీది కుళ్లాయి నుంచి ఎన్ని తలలకైనా పంపొచ్చు. దేశదేశాల సంఘం ఒప్పుకుంది. అందరికీ తెలిస్తే ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకి చట్టం చేస్తారు. బతికినన్నాళ్ళూ సొంత ఇల్లు, తోడుకి మనిషి. మొదటి ఇల్లు మీ చెల్లెలికే. మనుషులు చెడ్డవాళ్ళు కారు బాబాయ్. తెలీక చెయ్యడం లేదు."

వంటింటి గుమ్మంలోంచి అచ్చియ్యమ్మ, "ఇల్లూ, తోడూనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

మొదట ప్రసారం మర దగ్గర్నుంచే సాగింది. వరహాలు గోడకి ఆనుకుని కూచునేది, దేశదేశాల్లో జనం కుళ్లాయిలు పెట్టుకునేవారు. ఫలితం మాత్రం శాంభవి అనుకున్నట్టు రాలేదు. ఏదో చలిదేశంలో నిద్ర పట్టని మంత్రి ఒకాయన కుళ్లాయి పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే గుర్రు కొట్టాడు. ఆయన భార్య కృతజ్ఞతలు పంపింది. ఇంకో దేశంలో కోటీశ్వరులు పిండిమరలు కొనుక్కుని, గోడలకి వీపులానించి కూచుని, దానికి వైద్యమని పేరు పెట్టారు. అక్కడ ఆటిజం ఉన్న ఒకాయన వెళ్ళి కాసేపు కూచుంటానంటే, గోడలన్నీ నిండిపోయాయని తలుపు వేశారు.

దేశదేశాల సంఘం కూచుని ఆలోచించింది. ఆ మనిషి మనకంటే సుఖంగా ఉంది, ఇంక సాయం దేనికి అని తేల్చింది. చట్టం అటకెక్కింది.

శాంభవి మళ్ళీ వచ్చింది. వరహాలుని కొన్నాళ్ళు కొండమీద కేంద్రంలో ఉంచాలంది. అక్కడైతే ఆమె జీవితం మొత్తం చూపించొచ్చంది. జీవితం మొత్తం అంటే ఏమిటని గవరయ్య అడగలేదు. చదువుకున్నావిడ మొత్తం అన్నాక మొత్తమే అనుకున్నాడు.

బయల్దేరే పొద్దున అచ్చియ్యమ్మ అడ్డం పడింది.

"ఆడపిల్ల గడప దాటుతున్నాది. ఉత్తినే పంపిత్తామా? పెళ్ళి లేదని అప్పగింతలు కూడా లేకపోతే ఎలాగ మావా?"

వెండిగిన్నె లేదు. స్టీలు పళ్ళెంలో పాలు పోశారు. వరహాలు చేతులు పాలలో ముంచి శాంభవి చేతుల్లో పెట్టారు, ఆవిడ వెంట వచ్చిన ఇంజనీరు చేతుల్లోనూ పెట్టారు. ఇంజనీరు కుర్రాడు పాలు కారుతున్న చేతుల్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలీక గాల్లో పట్టుకు నించున్నాడు. వరహాలుకి పాలు చల్లగా బాగున్నట్టున్నాయి, మళ్ళీ ముంచింది.

ఇంక చెప్పాల్సిన మాటలు చెప్పాలి. అప్పగింతల్లో మా వైపు మర్యాద ఒకటుంది. పిల్ల గొప్పలు చెప్పకూడదు. ఏది ఇష్టమో చెప్పకూడదు, చెబితే అవతలివాళ్ళ నెత్తిన కోరికలు పెట్టినట్టు. ఏది చేతకాదో, ఏది పడదో, అంతవరకే చెప్పి, మీ కడుపులో పెట్టుకోండని దణ్ణం పెట్టాలి. గవరయ్య చేతులు జోడించాడు.

"కుక్కరు ఈల దీనికి పడదు తల్లీ. తడిబట్ట ఒంటికి అతుక్కుంటే ఓర్సుకోలేదు. ఎనకనుంచి ముట్టుకోకండి, పేణం పోయినట్టు అరుస్తాది. టపటప కొట్టుకునే ట్యూబులైటు కింద కూసోబెట్టకండి. నలుగురూ కలిసి సప్పట్లు కొడితే తల గోడకేసి కొట్టుకుంతాది. అంతే తల్లీ. తప్పులుంటే మన్నించండి."

అచ్చియ్యమ్మ ఏడ్చింది. ఇంజనీరు కూడా ముక్కు ఎగబీల్చాడు. శాంభవి ప్రతి మాటకీ తలూపుతూ, "ఇంకా ఏమైనా ఉన్నాయా బాబాయ్? గుర్తు తెచ్చుకుని చెప్పండి," అని అడిగింది. ఎంత శ్రద్ధ అని గవరయ్య పొంగిపోయి, నూనె కాగే వాసన కూడా పడదని చెప్పాడు.

వరహాలు కారెక్కింది. మర గోడ గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది మరి.

తరవాత కొన్నాళ్ళకే ప్రపంచం తలకిందులైంది. కుళ్లాయి పెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నచోటే విలవిల్లాడిపోయారు. తీశాక ఒకళ్ళ భుజమ్మీద ఒకళ్ళు పడి ఏడ్చారు. ఏడ్చినవాళ్ళు పక్కవాళ్ళని లాక్కొచ్చారు. ఒక దేశంలో సినిమాహాళ్ళు మూసి కుళ్లాయి హాళ్ళు తెరిచారు, పేలాల పొట్లాలతో సహా. ఇంకో దేశంలో ఉద్యోగంలో చేరాలంటే ముందు ఓ పూట కుళ్లాయి పెట్టుకుని అవగాహన పట్టా తెచ్చుకోవాలన్నారు. ఆటిజం ఉన్న ఒక యువకుడు అక్కడ ఉద్యోగానికి వెళ్ళాడు. కుళ్లాయి పెట్టుకోలేనన్నాడు. నీకు ఆటిజం పట్ల అవగాహన లేదని వెనక్కి పంపేశారు. మనమేం తక్కువ తిన్నామా? ఊరూరా ర్యాలీలు తీసి, చప్పుళ్ళకి తల్లడిల్లేవాళ్ళ మీద ప్రేమతో బాణసంచా కాల్చాం.

జనం తనలాగే మర అదురుకి ఏడుస్తున్నారనుకుని గవరయ్య ఛాతీ ఉబ్బింది. చెల్లెల్ని చూడ్డానికి వస్తానంటే శాంభవి ఫోనులో, "ఇప్పుడొద్దు బాబాయ్, మిమ్మల్ని చూస్తే ఆమె మనసు మారుతుంది, ప్రసారం చెడుతుంది," అనేది. సరే, అత్తారింటికి పంపిన పిల్లని రోజూ వెళ్ళి చూస్తామా అని సర్దుకున్నాడు.

అనకాపల్లి కల్యాణమండపంలో అవగాహన సభ పెట్టారు. గవరయ్యని ముందు వరసలో కూచోబెట్టి దండ వేశారు. కుర్చీకో కుళ్లాయి. వంటశాలలో బజ్జీలు వేగుతున్నాయి. పక్క కుర్చీలో పుచ్చుశనగలు గారు.

"మీ చెల్లెలు బంగారం, గవరయ్యా," అంది ఆవిడ. "నేనెప్పుడూ అంటూనే ఉంటాను."

అందరూ కుళ్లాయిలు పెట్టుకున్నారు.

గవరయ్య వీపు గోడకోసం సిద్ధపడింది. గోడ రాలేదు. ఈల వచ్చింది. చెవిలోంచి కాదు, పంటి చిగుళ్ళలోంచి వచ్చి తలలో సూదిలా దిగింది. అది ఆగకముందే తడిబట్ట ఒంటికి అతుక్కుంది. బట్టలా లేదు, ఎవరిదో చర్మం తెచ్చి తన చర్మం మీద అంటించినట్టుంది. పీకుదామంటే చేతులు ఎక్కడున్నాయో తెలియడం లేదు. అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి భుజం మీద పడింది.

గవరయ్యకి అక్కడ తెలిసింది. ఈల, తడిబట్ట, వెనకనుంచి చెయ్యి. వరస కూడా తప్పలేదు. పాలపళ్ళెం ముందు చేతులు జోడించి తను ఏ వరసలో చెప్పాడో ఆ వరసలోనే వస్తున్నాయి. తరవాత ఏం రావాలో అతనికి నోటికొచ్చు. ట్యూబులైటు వచ్చింది. చప్పట్లు వచ్చాయి. ఆ బాధంతటి మధ్యా ఒక వీపు గోడ కోసం వెతుక్కుంటోంది. గోడ దొరికింది. ఆనుకుంది. అది అదరలేదు, మామూలు గోడ. ఇంకో గోడ వెతికింది.

చివర్న నూనె వాసన. అది కుళ్లాయిలోంచి వస్తోందో వంటశాలలోంచి వస్తోందో గవరయ్యకి తెలీలేదు.

కుళ్లాయిలు తీశారు. మండపమంతా ఒకటే ఏడుపు. ఎమ్మెల్యేగారు ఉత్తరీయంతో కళ్ళొత్తుకుని, "నా జన్మ ధన్యమైంది," అన్నారు. పుచ్చుశనగలు గారు గవరయ్య చెయ్యి పట్టుకుని, "పాపం, ఎంత నరకం! ఇన్నాళ్ళూ తెలీనే లేదు," అంది. తరవాత అందరూ బజ్జీలకి లేచారు.

గవరయ్య దండతోనే బస్సెక్కి కొండమీదికి వెళ్ళాడు. కాపలావాడు ఆపబోతే, "నేను మీ అత్తోరి తాలూకు కాదు, పుట్టింటోణ్ణి, లెగు," అని తోసుకుపోయాడు. వాడికేం అర్థంకాక దారిచ్చాడు.

వరహాలు ఒక గది మధ్య నించుని ఉంది. గోడల దగ్గరికి పోవడం మానేసినట్టుంది. జుట్టు తడిగా ఉంది. గవరయ్య ఎదురుగా వెళ్ళి, ముట్టుకోకుండా, దూరంగా నించుని, "అమ్మీ," అన్నాడు.

ఆమె అతని చేతులకేసి చూసింది. వాటిలో గింజ లేదు, పిండి లేదు.

"ఖాళీ డబ్బా వచ్చింది," అంది.

శాంభవి పరిగెత్తుకొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాను పడనివి సెప్పినాను, పెట్టమని సెప్పినానా? నువ్వు మనిసివేనా?" అన్నాడు గవరయ్య.

"సుఖం చూపిస్తే నిద్రపోయారు బాబాయ్. మీరు చూశారుగా. వాళ్ళకి నొప్పి ఒక్కటే అర్థమవుతుంది. ప్రతిసారీ నేనూ కుళ్లాయి పెట్టుకుంటున్నాను. ఒక్కసారి కూడా తప్పించుకోలేదు."

"పెట్టుకుంటావు. నొప్పెడితే తీస్తావు. అది దేన్ని తియ్యాలి?"

శాంభవి వాచిన కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని అంది, "వచ్చేవారం చట్టం మీద ఓటు. ఇన్ని దేశాలు ఒక్క మాట మీదికొచ్చాయి. ఇవాళ మీరు తీసుకుపోతే వారంలో మర్చిపోతారు. రేపు మీకేమన్నా అయితే? పిన్నికేమన్నా అయితే? ఈమెని ఏ బస్టాండులో వదిలేస్తారో మీకు తెలుసా? ఉండనిస్తే ఈమెకి ఇల్లు, ఈమెలాంటి వాళ్ళందరికీ ఇల్లు. మీరే చెప్పండి. మీరు తీసుకుపోతానంటే నేను అడ్డం రాను."

ఆవిడ నిజంగానే అడ్డం రాలేదు. తలుపు తెరిచి పక్కకి తప్పుకుంది. అదే ఆవిడ చేసిన పాపిష్టి పని.

గవరయ్య తలుపుకేసి చూశాడు, చెల్లెలికేసి చూశాడు. స్టెంటు వేసిన చోట చెయ్యి పెట్టుకున్నాడు.

"వారమే కదా," అన్నాడు. అని ఒక్కడే దిగి వచ్చేశాడు.

ఆ వారం మర తిరగలేదు. ఇంట్లో కుక్కరు పెట్టలేదు. ప్రసారాలు మాత్రం ఓటు దగ్గరపడేకొద్దీ పెరిగాయి.

చట్టం నెగ్గింది. కాదన్న దేశం ఒక్కటీ లేదు. ఆ సభలో అందరూ లేచి నించుని చప్పట్లు కొట్టబోయి, గుర్తొచ్చి, చేతులు జేబుల్లో పెట్టుకున్నారట. అంత అవగాహన!

ఇల్లు కూడా కట్టారు. మాట తప్పలేదు, అది చెప్పాలి. గవరయ్యనీ అచ్చియ్యమ్మనీ కారు పంపి మరీ పిలిచారు. దేశదేశాల ప్రతినిధులు వచ్చారు. తెల్లటి గుండ్రటి ఇల్లు. గోడలు ఎలాంటివంటే, లోపల ఏనుగు తుమ్మినా ఏనుగుకే వినపడదు. వెలుగు ఎక్కణ్ణించి వస్తుందో తెలీదు, నీడ పడదు. బట్టలకి కుట్టులేదు, తడి అంటదు. అన్నానికి వాసన లేదు, గోడలోంచి దానంతటదే వస్తుంది. కుళ్లాయిలో ప్రపంచం ఏమేం పడిందో అవేవీ లోపల లేవు.

"తోడు మనిషేరీ?" అని అడిగాడు గవరయ్య.

"తీసేశారు బాబాయ్," అంది శాంభవి నేలకేసి చూస్తూ. "మనిషంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వెనకనుంచి ముట్టుకుంటుందని."

"ఓ పిండిమర పెట్టించమ్మా. చిన్నదే. గోడవతల."

"శబ్దం నిషేధం. చట్టంలో పడనివి రాశారు. కావలసినవి రాయడానికి, ఇది కావాలని అప్పగింతల్లో ఎవరూ చెప్పలేదు."

వరహాలుని లోపలికి పంపారు. తలుపు మూశారు. అద్దంలోంచి చూస్తే ఆమె ఒక గోడకి వీపు ఆనించి, లేచి, ఇంకో చోట ఆనించి, లేచి, అలా గుండ్రంగా తిరుగుతోంది. గుండ్రటి ఇంట్లో గోడకి చివరన్నది ఉండదు.

ప్రతినిధులు పరీక్ష కోసం కుళ్లాయిలు పెట్టుకున్నారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని తృప్తిగా తలలూపారు. బాధ లేదు. ఎక్కడా లేదు. గవరయ్యకీ ఒకటిచ్చారు. పెట్టుకుని చాలాసేపు కూచున్నాడు.

"ఆన్ చెయ్యలేదమ్మా నువ్వు," అన్నాడు.

"ఆన్‌లోనే ఉంది, బాబాయ్."

"ఏటీ లేదు ఇందులో."

"ఆన్‌లోనే ఉంది."

గవరయ్య కుళ్లాయి తీసి, లేచి, "మా పిల్లని మాకిచ్చీండి, ఎల్లిపోతాం," అన్నాడు. ఒక ప్రతినిధి చాలా మర్యాదగా నచ్చజెప్పాడు. మీ ఇంట్లో కుక్కరుంది, ట్యూబులైటుంది, పైగా కూతవేటు దూరం వినపడే మర ఉంది. ఆ బాధ మేం స్వయంగా పడ్డాం. తెలిసి తెలిసి ఆమెని అక్కడికి పంపితే అది ఆమె హక్కుకి భంగం, తీసుకుపోయినవాళ్ళకి జైలు. ఆమె గురించి మీకంటే ఇప్పుడు మాకే బాగా తెలుసు. ఇంత చెప్పి, పాపం, కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

ఇంటికొచ్చాక గవరయ్యకి మర నడపక తప్పలేదు, జనం డబ్బాలు పట్టుకొచ్చారు. నాలుగో రోజునో అయిదో రోజునో మాడుగుల నుంచి నరసయ్యమ్మ అనే ఆవిడ వచ్చింది. వెంట పాతికేళ్ళు దాటిన కొడుకు దాలినాయుడు. కుర్రాడి కనుబొమ్మ మీద కుట్లు. చెవులు రెండు చేతుల్తో మూసుకుని వాకిట్లోనే ఆగిపోయాడు. గవరయ్య మర ఆపాడు.

"బాబూ, తెల్లిల్లు మీ సెల్లికి ఇచ్చినారట కదా. మావోడికి కూడా ఇప్పించు. నువ్వు సెప్తే వింతారట."

"ఆ కుట్లేటమ్మా?"

"బస్సులో పక్కోడి మీద పడ్డాడని దింపేసి కొట్టినారు. అంతకుముందు దొంగనుకుని స్తంబానికి కట్టేసినారు. నాను ఇంట్లో పని సేస్తే అమ్మగారు ఈణ్ణి మెట్ల కింద కూసోబెడతాది, సుట్టాలొస్తే తాళం ఏస్తాది. నాను పోతే ఈణ్ణి తాళం ఏసేవోళ్ళు కూడా ఉండరు."

గవరయ్య పీట లాగి ఆమెకెదురుగా కూచున్నాడు.

"నిజం సెప్తాను ఇను. ఆ ఇంట్లో ఏటీ ఉండదమ్మా. సద్దుండదు. పలకరించే మనిసుండడు. నువ్వెల్లి సూస్తానన్నా రానివ్వరు. మీవోడు లోపల అరిసినా ఎవులికీ ఇనపడదు. నాను కుళ్లాయెట్టుకుని సూసినాను. బతికున్నట్టే లేదు లోపల."

నరసయ్యమ్మ అంతా విన్నది. చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"కొడతారా బాబూ, అక్కడ?"

"కొట్టడానికి మనిసుండాలి కదమ్మా."

"కట్టేస్తారా?"

"లేదు."

ఆమె వాకిట్లోకి చూసింది. దాలినాయుడు మర ఆగిందని తెలిసి చేతులు చెవుల మీంచి తీసి, ఎండలో తేలుతున్న పిండికేసి మొహం ఎత్తాడు.

"అయితే ఎప్పుడు తీసుకెళతారు?" అంది నరసయ్యమ్మ.